మెఱుపు ముందు, ఉఱుము వెనుక

రాయలసీమలో వానకై యెదురుచూడని యిల్లు లేదు. చైత్ర వైశాఖములయందు మధ్యాహ్నము తిరిగిన పిదప పడమటి దిక్కున మబ్బు క్రమ్మినచో, కడప కర్నూలు సీమల గృహిణులకు ఒక్కసారిగా రెండు తలపులు గలుగును. నాలుగు చినుకులు రాలి నేల చల్లబడునేమో యనునది మొదటిది. మిద్దెమీద ఎండబెట్టిన వడియములు, కళ్ళములోని వేరుసెనగకాయలు, చేనికి బోయిన మనుష్యులు ఏమగుదురో యనునది రెండవది. వడియములు తడిసినచో మఱల పెట్టుకొనవచ్చును. కాయలు తడిసినచో మఱల నారబెట్టుకొనవచ్చును. మనుష్యుల విషయమున అట్టి వీలు లేదు.

ఈ భయము ఊరక పుట్టినది కాదు. 2018వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన ఒక్క ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముననే పదమూడు గంటల కాలములో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారు లెక్కించిరి. 2022వ సంవత్సరమున మన దేశమందు పిడుగుపాటుచే 2,887 మంది ప్రాణములు గోల్పోయినట్లు ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. పొలములయందు, బయళ్ళయందు ఉన్నవారికే యీ యపాయము హెచ్చు.

సోదరీమణులారా! పిడుగు ఎచ్చట పడునో ముందుగా చెప్పగల శాస్త్రము లేదు. కాని పిడుగు మనకెంత దూరమున పడినదో, అది మనవైపు వచ్చుచున్నదో తొలగిపోవుచున్నదో, చదువురాని ముసలమ్మ సైతము ఇంటి వసారాలో కూర్చుండి తెలిసికొనవచ్చును. దానికి యంత్రము అక్కఱలేదు. వెలుతురు ఎట్లు నడచును, చప్పుడు ఎట్లు నడచును అను రెండు సంగతులు తెలిసిన జాలును.

మెఱుపును ఉఱుమును ఒక్క తల్లి బిడ్డలు. రెండును ఒక్క క్షణముననే పుట్టును. అయినను అక్కగారు మన యింటికి వచ్చి పోయిన పిదపగాని చెల్లెలు గుమ్మము చేరదు. దోషము చెల్లెలిది కాదు, దాని నడక యట్టిది. ఇట్టి తేడాను మనము ప్రతిదినమును చూచుచునే యున్నాము. మన వంటయిండ్లలో పఱచిన కడప బండలు తీయు గనియొద్ద, దూరముగా నిలిచి రాయి కొట్టువానిని చూడుడు. సమ్మెట దిగుట కంటికి ముందు తెలియును. అది మఱల పైకి లేచుచుండగా దెబ్బ చెవికి సోకును. చెఱువునకు ఆవలిగట్టున బట్టలుతుకువారిని చూచినను, పెండ్లియూరేగింపులో దూరమున తారాజువ్వ ప్రేలుట చూచినను ఈ వింతయే కానవచ్చును.

చప్పుడు నడచుటకు ఒక వాహనము కావలెను. మనకు సామాన్యముగా ఆ వాహనము గాలి. డోలుమీద చిటికెడు రవ్వ చల్లి వాయించినచో రవ్వ గంతులు వేయును. డోలుచర్మము అదరుచు తన్నంటియున్న గాలిని త్రోయును. ఆ గాలి తన ప్రక్కగాలిని, అది మఱియొకదానిని త్రోయును. జాతరలో క్రిక్కిఱిసిన జనమున వెనుకనున్నవాడు త్రోసినచో ఆ త్రోపు ముందు వరుసవఱకు ప్రాకును. మనుష్యుడు మాత్రము తానున్న చోటు విడిచి దూరము పోడు. గాలిలో ధ్వని నడచుటయు నిట్టిదే. గాలి లేనిచోట త్రోయువారును లేరు, త్రోయబడువారును లేరు గనుక చప్పుడు నడవదు.

ఈ త్రోపు గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. గాలి 20 డిగ్రీల వేడిమితో నున్నప్పటి లెక్క యిది. ఎండలు మండి 40 డిగ్రీలకు వచ్చినప్పుడు వేగము 355 మీటర్లకు హెచ్చును. నీటిలో ధ్వని గాలిలోకంటె నాలుగు రెట్లకు పైగా వేగముతో నడచును. ఇనుములోను గట్టి రాతిలోను ఇంకను త్వరగా బోవును. ఉక్కు కమ్మిలో దాని వేగము సెకనుకు అయిదు కిలోమీటర్లకు తక్కువ కాదు. పదార్థము ఎంత బిగువుగా నుండునో త్రోపు అంత చురుకుగా చేతులు మాఱును.

వెలుతురునకు వాహనముతో పని లేదు. ఏమియు లేని శూన్యముననే అది మిక్కిలి వేగముగా నడచును. దాని వేగము సెకనుకు 2,99,792 కిలోమీటర్లు, అనగా ఇంచుమించు మూడు లక్షలు. ఒక్క సెకనులో అది భూగోళమును ఏడున్నర సార్లు చుట్టిరాగలదు. కడపనుండి చెన్నపట్టణమునకు పోవుటకు దానికి సెకనులో వేయవ వంతు కాలమైనను పట్టదు. అంత దూరము వినిపింపగల చప్పుడే యున్నచో దానికి పది నిమిషములకు పైగా పట్టును. లెక్క వేసి చూచినచో గాలిలో నడచు ధ్వనికంటె వెలుతురు ఎనిమిది లక్షల డెబ్బదివేల రెట్లు వేగము గలది.

ఇంత పెద్ద సంఖ్యలు మనసునకు పట్టవు గనుక ఆకాశమువైపు చూతము. సూర్యుని వెలుతురు మన ముంగిట పడుటకు ఎనిమిది నిమిషముల యిరువది సెకనులు పట్టును. సూర్యునికిని మనకును నడుమ గాలియే నిండియుండి, ఆ దారిని ఒక చప్పుడు బయలుదేఱినచో, అది మన చెవిని జేరుటకు ఇంచుమించు పదునాలుగేండ్లు పట్టును. శ్రీరాముడు అడవికేగి మఱల అయోధ్యకు వచ్చునంత కాలము! 2023వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీన చంద్రయాన్-3 చంద్రునిపై దిగినప్పుడు అచ్చటినుండి వచ్చిన రేడియో వార్త సుమారు ఒకటింబావు సెకనులో భూమికి చేరెను. రేడియో తరంగములును వెలుతురు జాతివే. వాని నడక గూడ అదియే. ఆ వార్త ధ్వని రూపమున నడువవలసి వచ్చినచో, నడుమ గాలియున్నను, పదమూడు దినములు పట్టియుండును.

వెలుతురునకు గూడ నడక కలదని పూర్వులలో పెక్కుమంది యెఱుగరు. కన్ను తెఱచిన క్షణముననే కొండ కానవచ్చుచున్నది గనుక దానికి కాలమే పట్టదనుకొనిరి. 1676వ సంవత్సరమున ఓలె రోమర్ అను డెన్మార్కు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు బృహస్పతి గ్రహమునకు గల చంద్రులలో ఒకదాని గ్రహణములను గమనించెను. భూమి బృహస్పతికి దూరమైనప్పుడు ఆ గ్రహణములు లెక్కకంటె ఆలస్యముగను, దగ్గఱయైనప్పుడు ముందుగను కానవచ్చుచుండెను. గ్రహణము తప్పలేదు; దాని వార్త తెచ్చు వెలుతురు హెచ్చు దూరము నడవవలసి వచ్చినదని ఆయన గ్రహించెను. వెలుతురు వేగమునకు మొదటి యాధారము అట్లు లభించినది.

ధ్వని వేగమును కొలిచినవారి చరిత్రలో మన చెన్నపట్టణమునకు గౌరవమైన చోటు గలదు. ఆ కాలమున కడప సీమ చెన్నపట్టణపు ప్రభుత్వము క్రింద నుండెను. నుంగంబాకములో 1792వ సంవత్సరమున స్థాపింపబడిన నక్షత్రశాలలో జాన్ గోల్డింగ్‌హాం అను నాయన కంపెనీవారి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. సెయింట్ జార్జి కోటలోను పరంగికొండమీదను ఉదయ సాయంకాలములయందు ఫిరంగులు ప్రేల్చు వాడుక యుండెను. కోట నక్షత్రశాలకు రెండున్నర మైళ్ళు దాటి యుండగా, కొండ అయిదున్నర మైళ్ళు దాటి యున్నది. 1820, 1821 సంవత్సరములలో గోల్డింగ్‌హాం నక్షత్రశాలలో నిలిచి, ఫిరంగి మంట కంటబడిన క్షణమునుండి మ్రోత చెవి సోకువఱకు ఎన్ని సెకనులు గడచెనో మంచి గడియారముతో గుర్తించుచు వచ్చెను. కొండమీది ఫిరంగి మ్రోత చేరుటకు ఇంచుమించు ఇరువదియాఱు సెకనులు పట్టును. ఆ దినమునాటి వేడిమి, తేమ, గాలి వీచు దిక్కు గూడ వ్రాసికొని, నెల నెలకు ధ్వని వేగము మాఱుచుండుట కనుగొనెను. ఆ లెక్కలు 1823లో లండను రాయల్ సొసైటీవారి గ్రంథమున ప్రకటింపబడినవి.

గోల్డింగ్‌హాం వాడిన ఉపాయమును గమనింపుడు. మంట పుట్టుటకును అది కంటబడుటకును నడుమ పట్టిన కాలమును ఆయన లెక్కలోనికే తీసికొనలేదు. తీసికొనవలసిన పనియు లేదు. మూడు కిలోమీటర్ల దూరమును దాటుటకు వెలుతురునకు సెకనులో లక్షవ వంతు చాలును. అందుచే కంటబడిన క్షణమే పుట్టిన క్షణమని యెంచవచ్చును. ఆపైన గడచిన కాలమంతయు చప్పుడు నడచిన కాలమే. ఆయనకు దూరము తెలియును, వేగము తెలిసికొనెను. మనకు వేగము తెలియును, దూరము తెలిసికొందము. ఫిరంగికి బదులు మబ్బు. మంటకు బదులు మెఱుపు. ఉపాయము ఒక్కటే.

లెక్క మిక్కిలి సులువు. మెఱుపు మెఱసిన క్షణమునుండి ఉఱుము వినబడువఱకు సెకనులు లెక్కింపవలెను. వచ్చిన సంఖ్యను మూటితో భాగించినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున పడినదో తెలియును. మూడు సెకనులైన ఒక కిలోమీటరు, తొమ్మిదైన మూడు, ముప్పదియైన పది. మైళ్ళలో కావలెనన్నచో అయిదుతో భాగింపవలెను.

గడియారము చేత లేనివారికి ఒక మాట. ఉఱుము వినినంతనే అర్జునుని పది నామములు తలచుకొనుట మన యిండ్లలో అనాదిగా వచ్చు వాడుక. ఇకమీద ఉఱుము కొఱకు వేచియుండక, మెఱుపు కానరాగానే నామములు మొదలుపెట్టుడు. తొందరపడక సెకనుకు ఒక్క నామము చొప్పున చెప్పుట ముందుగా గడియారముచెంత అభ్యసింపుడు. పది నామములు ముగియుసరికి ఉఱుము వచ్చినచో పిడుగు మూడు కిలోమీటర్లకు కొంచెము పైగా నున్నది. మూడుమాఱులు ముగియునప్పటికి వచ్చినచో పది కిలోమీటర్లు. నామస్మరణము మనసునకు ధైర్యమునిచ్చును. ఈ విధముగా చేసినచో లెక్కయు నిచ్చును.

అయితే యీ లెక్క ధైర్యము చెప్పుటకంటె తొందరపెట్టుటకే పనికివచ్చునని మఱువరాదు. పిడుగు ఎల్లప్పుడును నడినెత్తిమీది మబ్బునుండియే పడదు. మబ్బును విడిచి పది కిలోమీటర్ల యావల, చినుకైనను లేని నేలమీద గూడ పడుట కలదు. కావున మూడుమాఱుల నామములు ముగియకముందే ఉఱుము వినబడినచో మనము అపాయపు హద్దులో నున్నామని యెఱుగవలెను. లెక్కింప వీలుకానప్పుడు ఉఱుము చెవి సోకుటయే చాలిన హెచ్చరిక. పిడుగులు వెంటవెంటనే పడుచున్నప్పుడు ఏ మెఱుపునకు ఏ ఉఱుమో తెలియదు. అట్టి సమయమున లెక్క మాని లోనికి పోవలయును.

ఉఱుము పుట్టుక గూడ తెలిసికొనదగినది. మెఱుపు సాగిన త్రోవలోని గాలి రెప్పపాటుకంటె తక్కువ కాలములో సుమారు ముప్పదివేల డిగ్రీల వేడికి వచ్చును. సూర్యుని పైభాగముకంటె ఇది అయిదింతల వేడి. అంత వేడిచే గాలి ఒక్కపెట్టున ఉబ్బి ప్రక్కగాలిని బలముగా కొట్టును. ఆ దెబ్బయే ఉఱుము. మెఱుపు త్రోవ కొన్ని కిలోమీటర్ల పొడవుండును. దగ్గఱ కొసనుండి వచ్చు చప్పుడు ముందును, దూరపు కొసనుండి వచ్చునది పిదపను చేరును. ఒక్క క్షణమున పుట్టిన మ్రోత గడగడమని సాగుట కిది కారణము. దగ్గఱలో కొండలున్నచో వానిని తాకి మఱలివచ్చు ప్రతిధ్వనియు దానితో గలియును. పెన్నానది కోసికొనిపోయిన గండికోట లోయ అంచున నిలిచి కేకవేసినవారికి ఈ ప్రతిధ్వని యెట్టిదో తెలియును. ఎదుటి రాతిగోడ నూట డెబ్బది మీటర్ల దూరమున నున్నచో కేక పోయివచ్చుటకు ఒక సెకను పట్టును.

కొన్ని రాత్రులందు దిగంతమున మెఱుపులు మెఱయుచుండును గాని చప్పుడే యుండదు. అది వేఱొక జాతి మెఱుపని కొందఱందురు. అది మామూలు మెఱుపే. నేలయొద్ద గాలి వెచ్చగను మీద చల్లగను ఉండుటచే ధ్వని నడచుచు నడచుచు పైకి వంగిపోవును. సామాన్యముగా ఇరువది కిలోమీటర్లకు మించి ఉఱుము నేలమీదివారికి వినబడదు. వెలుతురు అంతకంటె ఎంతయో దూరము వచ్చును. కావున చప్పుడు లేని మెఱుపు దూరమున నున్నది. చప్పుడు గలది దగ్గఱ నున్నది.

ఇక ఈ తెలివి ఎచ్చట వినియోగింపవలెనో చూతము. కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె యురేనియము గని మూలమున దేశమంతట పేరు పొందినది. ఆ యూరి పేరులోనే తుమ్మచెట్టు గలదు. మన మెట్టచేల గట్లమీద ఒంటిగా నిలుచు తుమ్మయో, వేపయో, చింతయో లేని యూరు ఈ సీమలో అరుదు. ఎండకు అదియే నీడ, కూలివారికి సద్దియన్నము తిను చోటు, చంటిబిడ్డకు ఉయ్యాల కట్టు కొమ్మ. మబ్బు వచ్చినప్పుడు కాళ్ళు తమంతట తామే ఆ చెట్టువైపు నడచును. పిడుగును ఆ యెత్తైన చెట్టునే వెదకికొనును. చెట్టును తాకిన విద్యుత్తు ప్రక్కనున్న మనుష్యునిమీదికి దుముకును, వేళ్ళ వెంట నేలలోను ప్రాకును. ఎండనాడు తల్లివంటి చెట్టు ఉఱుమునాడు శత్రువగును. ఈ యొక్క మాట ప్రతి కూలితల్లికిని, పశువులు తోలుకొనిపోవు ప్రతి పిల్లవానికిని చెప్పవలసియున్నది.

మొదటి ఉఱుము వినగానే పని నిలిపి పక్కా యింటిలోనికి గాని, ఇనుప కప్పు గలిగి తలుపులు మూసికొను బస్సు, కారులలోనికి గాని చేరవలెను. గడ్డి కొట్టము, నాలుగు గుంజల పందిలి, తెఱచియున్న ట్రాక్టరు రక్షణ నీయవు. ఏ యాశ్రయమును అందనంత దూరమున చిక్కుకొన్నచో, పార, కొడవలి దూరముగా పెట్టి, చెట్లకును కరెంటు స్తంభములకును ఎడముగా, పల్లపు నేలయందు పాదములు రెండును దగ్గఱగా చేర్చి గొంతుక కూర్చుండవలెను. నేలమీద పండుకొనరాదు. నలుగురున్నచో ఒక్కచోట గుంపు గూడక దూరదూరముగా నుండవలెను. ఇది గత్యంతరము లేనప్పటి యుపాయమేగాని ఇంటికి సాటి కాదు.

ఇంటిలో నున్నవారును కొంచెము జాగ్రత్తపడవలెను. ఉఱుములు సాగుచున్నంతవఱకు కొళాయిక్రింద అంట్లు తోముట, స్నానము చేయుట, తీగతో కూడిన ఫోనులో మాటాడుట, ఇనుప కిటికీ చువ్వలు పట్టుకొని నిలుచుట మానవలెను. గోడలో తగిలించిన విద్యుత్ పరికరముల తీగలు మబ్బు రాకముందే తీసివేయుట మంచిది. వడియములకొఱకు మిద్దె యెక్కుట తగదు. చివరి ఉఱుము వినిన పిదప అరగంట గడచువఱకు బయటికి పోగూడదు. వాన వెలిసినంత మాత్రమున పిడుగు వెలిసినట్లు కాదు.

ఎవరికైన పిడుగు తగిలినచో, వారిని తాకిన తమకును విద్యుత్తు సోకునని జంకువారు కలరు. మనుష్యుని దేహమున విద్యుత్తు నిలిచియుండదు, నిస్సంకోచముగా తాకవచ్చును. వెంటనే 108కి ఫోను చేయింపవలెను. ఊపిరి ఆడకున్నచో ఱొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు నూఱు మొదలు నూటయిరువది సార్లు బలముగా నొక్కుచు, వైద్యులు వచ్చువఱకు మానకుండవలెను. చనిపోయెనని విడిచిపెట్టబడినవారు ఆ కొన్ని నిమిషముల సాయముచే బ్రతుకవచ్చును.

నేడు చేతిఫోనులలో పిడుగు హెచ్చరికలు వచ్చుచున్నవి. పూనాలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు రూపొందించిన “దామిని” అట్టిది. దాని లోగుట్టు గూడ మన లెక్కకు చుట్టమే. ప్రతి మెఱుపును రేడియో తరంగములను వెదజల్లును. దేశమున అచ్చటచ్చట నిలిపిన యంత్రములకు అవి ఒకదానికి ముందు, ఒకదానికి వెనుకగా చేరును. ఆ యత్యల్పమైన కాలభేదమును బట్టి మెఱుపు తావును గణించెదరు. మనము చెవితో సెకనులు లెక్కించునట్లు వారు యంత్రముతో సెకనులోని లక్షల వంతులను లెక్కింతురు.

అయినను గాలివానలో ఫోను మూగబోవుట మనమెఱుగనిది కాదు. కంటికిని చెవికిని నడుమ నున్న యీ కొలబద్ద మాత్రము ఏ గాలివానకును చెడదు. ఈ వేసవిలో మొదటి మబ్బు పట్టకముందే మీ యింటి పిల్లలను కూర్చుండబెట్టి నామములు సెకనుకొక్కటిగా పలుకుట నేర్పుడు. చేనికి బోవు మీ పనివారికి మూడుమాఱుల లెక్కయు, చెట్టు క్రింద నిలువరాదను మాటయు చెప్పుడు.